కొండసైకిలు బాటలు – వాని తరగతులు

మన పాఠశాలకు చుట్టుప్రక్కల గ్రామములనుండి సైకిళ్లపై వచ్చు విద్యార్థులు పెక్కుమంది కలరు. చదునైన దారిలో సైకిలు ఎంత సుఖమో, మిట్ట యెదురైనప్పుడు అది యెంత భారమో వారికి వేరుగా చెప్పనక్కరలేదు. మిట్ట వచ్చినంతనే మనము దిగి, సైకిలును చేతబట్టి నడిపించుకొని పోవుదుము. అట్లుండగా కొన్ని దేశములయందు జనులు తారురోడ్లను విడిచి, రాళ్లును, చెట్లవేళ్లును, సహజమైన మెట్లును నిండిన కొండబాటలను వెదకికొని పోయి, వానిమీద సైకిలు త్రొక్కుటనే యొక క్రీడగా చేసికొన్నారన్న వినుటకు వింతగా నుండును.

ఈ క్రీడనుగూర్చి వ్రాయుటకు కారణము దాని వింత మాత్రమే కాదు. ఎన్నడును చూడని కొండబాటకు ఒక పరదేశి వచ్చెననుకొనుడు. ఆ బాట తన శక్తికి తగినదో కాదో అతడెట్లు తెలిసికొనవలెను? అడుగుదమన్న అచట మనుష్యుడు కానరాడు. సగము దూరము పోయిన పిదప తగనిదని తెలిసిన, వెనుకకు మరలుట ముందుకు పోవుటకంటె కష్టము కావచ్చును. బాట మొదట నాటియున్న యొక చిన్న పలకయే అతనికి దిక్కు. ఆ పలకమీది గుర్తు నిజము చెప్పవలెను. ఒక బాటనుగూర్చి నిజము చెప్పుట యెట్లు, ఏ కొలతలనుబట్టి చెప్పుట, ఆ కొలతలు ఎచ్చట మనలను మోసగించును అన్నది ఈ పాఠమున విచారింతము. ఇందుకు అమెరికా సంయుక్తరాష్ట్రములలోని యూటా రాష్ట్రమందలి మోఆబ్ అను చిన్న పట్టణమును, దాని పరిసరములందలి బాటలను ఉదాహరణముగా గైకొందము.

మొదట సైకిలు సంగతి. కొండసైకిలు పుట్టి చాలకాలము కాలేదు. కాలిఫోర్నియాలో శాన్ ఫ్రాన్సిస్కో నగరమునకు ఉత్తరమున మారిన్ అను మండలము కలదు. 1970 తరువాతి సంవత్సరములలో అచటి యువకులు కొందరు, లావు టైర్లుగల పాత సైకిళ్లను కొండమీదికి చేర్చి, మంటిదారుల వెంట దిగువకు పందెములు వేసికొనుచుండిరి. 1976 అక్టోబరు 21వ తేదీన మొదలైన యొక పందెమునకు ‘రీప్యాక్’ అని పేరు వచ్చెను. సుమారు రెండు మైళ్లలో 1,300 అడుగులు దిగు దారి యది. పెడలును వెనుకకు త్రొక్కిన పట్టుకొను బ్రేకులే ఆనాటి సైకిళ్లకు ఉండెడివి. క్రిందికి చేరునప్పటికి వెనుకచక్రపు ఇరుసు గూటిలోని గ్రీజు కాగి పొగయై పోయెడిది. దానిని మరల కూరుకొననిదే రెండవసారి దిగుటకు వీలులేకుండెను. మరల కూరుట యనునదే ఆ పేరునకు అర్థము. ఆ బృందములోని జో బ్రీజ్ అనునతడు 1977లో ఇందుకొరకే ప్రత్యేకముగా ఒక చట్రమును నిర్మించెను. 1979లో గ్యారీ ఫిషర్, చార్లీ కెల్లీ అనువారు ఇట్టి సైకిళ్లను అమ్ముటకు ఒక వ్యాపారము నెలకొల్పిరి. 1981నుండి కర్మాగారములలో పెద్ద యెత్తున తయారగుట మొదలయ్యెను. 1996లో అట్లాంటా ఒలింపిక్ క్రీడలలో ఈ పందెమునకు స్థానము లభించెను. ఇరువది సంవత్సరములలో మంటిదారినుండి ఒలింపిక్ వేదికకు!

ఇక మోఆబ్. ఇది కొలరాడో నదికి చేరువను, సముద్రమట్టమునకు సుమారు 4,000 అడుగుల యెత్తున నున్నది. తూర్పున లా సాల్ పర్వతములు కలవు. వాని శిఖరములలో మిన్నయైన పీల్ శిఖరము 12,721 అడుగుల యెత్తుగలది. పట్టణమునకును పర్వతములకును నడుమ ఎఱ్ఱని, లేత గులాబివన్నె గల ఇసుకరాయి గుట్టలు గుట్టలుగా, నున్నని గుమ్మటములుగా పరచుకొనియున్నది. ఈ రాతికి భూగర్భశాస్త్రజ్ఞులు నవాహో ఇసుకరాయి యని పేరిడిరి. సుమారు 18, 19 కోట్ల సంవత్సరములకు పూర్వము అచట నొక మహా మరుభూమి యుండెను. దానిలో గాలి పోగుచేసిన ఇసుకతిన్నెలే కాలక్రమమున గట్టిపడి ఈ రాయియైనవి. నేడు సైకిలు ఎక్కి దిగు ఆ గుమ్మటములు ఒకనాటి ఇసుకతిన్నెలనుండి పుట్టినవని తలచుకొన్నచో భూగోళపాఠము కంటికి కట్టినట్లుండును.

1952లో ఈ ప్రాంతమున యురేనియము గనులు బయల్పడి, మోఆబ్ ఒక్కసారిగా జనముతో నిండెను. ఆ ఖనిజము వెదకువారు బండ్లను నడుపుటకై కొండచరియలమీద ఎన్నో కచ్చాదారులు వేసిరి. తరువాత గిరాకి తగ్గెను. 1984లో అచటి ఖనిజపు మిల్లు మూతపడెను. పని పోయిన పట్టణమునకు మిగిలినవి ఆ రాళ్లును, ఆ దారులును మాత్రమే. అంతకుముందే 1969లో మోటారుసైకిళ్లవారికై ఆ గుమ్మటములమీద ఒక బాట గుర్తింపబడి యుండెను. 1983లో పట్టణమున కొండసైకిళ్ల దుకాణ మొకటి వెలసెను. పిమ్మట కొలది సంవత్సరములలోనే మోఆబ్ పేరు ఈ క్రీడాలోకమంతట ప్రాకెను. గనులవారు ధనముకొరకు త్రవ్విన దారులు వేరొక విధముగ అన్నము పెట్టుట ప్రారంభించెను.

బాటల తరగతులను చూతము. 1988లో స్థాపితమైన అంతర్జాతీయ కొండసైకిలు సంఘము ఒక పద్ధతిని ఏర్పరచినది. మంచుమీద జారు క్రీడాస్థలములలో పూర్వమునుండి వాడుకలోనున్న గుర్తులను వారు గ్రహించి, తమకు తగినట్లు మార్చుకొనిరి. మిక్కిలి సులభమైన బాటకు తెల్లని వృత్తము, సులభమైనదానికి ఆకుపచ్చ వృత్తము, మధ్యమమునకు నీలపు చతురస్రము, కఠినమునకు నల్లని వజ్రపుటాకారము, అతికఠినమునకు అట్టివే రెండు నల్లని వజ్రములు. గుర్తులో రంగును గలదు, ఆకారమును గలదు. ఎందుకీ రెండింపు? కొందరికి ఎరుపు, ఆకుపచ్చల భేదము కంటికి తెలియదు. సాయంకాలమున ఎవరికిని రంగులు సరిగా తెలియవు. అప్పుడు ఆకారము మాటలాడును.

ఇందులో మన ప్రాంతపు పిల్లలు వెంటనే గ్రహింపదగిన సంగతి వేరొకటి కలదు. ఆ పలకమీద అక్షరములు చదువ రానివానికిని గుర్తు అర్థమగును. మనము ఇంటిలో ఒక భాష, అంగడిలో ఒక భాష పలుకువారము. బస్సు నిలయమున నామఫలకము చదువలేని మన అవ్వలు బస్సు అంకెను మాత్రము గుర్తుంచుకొని తప్పక తమ ఊరు చేరుచున్నారు. అంకెకు భాష లేదు. వృత్తమునకును, చతురస్రమునకును భాష లేదు. జపానునుండి వచ్చినవాడైనను, జర్మనీనుండి వచ్చినవాడైనను మోఆబ్‌లో ఆ పలకను ఒకే రీతిగా చదువుకొనును. అయితే ఒక జాగ్రత్త కావలెను. బ్రిటనులో నీలమునకును నలుపునకును నడుమ ఎరుపు అను తరగతి యొకటి యున్నది. కనుక ఒక దేశపు నలుపు మరియొక దేశపు నలుపునకు సరిగా సమానము కాదు. గుర్తునకు భాష లేకున్నను ఊరు కలదన్న మాట.

తరగతి నిర్ణయించుటకు ముఖ్యముగా కొలువబడునవి బాట వెడల్పు, దాని నేల స్వభావము, సగటు వాలు, మిక్కిలి హెచ్చు వాలు, తప్పించుకొన వీలులేని అడ్డంకుల యెత్తు. తెల్లని వృత్తపు బాట 72 అంగుళములకు తక్కువ కాని వెడల్పుగలదై, గట్టిపరచిన నేలతో, అడ్డంకులేవియు లేక యుండవలెను. ఇది మన పొలములకు పోవు బండిబాట వంటిది. ఆకుపచ్చ బాట 36 అంగుళములు, నీలపు బాట 24 అంగుళములు. నల్లనిదానికి 12 అంగుళములున్న చాలును. అనగా వరిమడి గట్టు! గట్టుమీద సైకిలును నడిపించుకొని పోయినవారికే ఆ వెడల్పు యొక్క అర్థము తెలియును. దానిమీద ఎక్కి త్రొక్కుట, అదియును ఒకప్రక్క లోయ యుండగా త్రొక్కుట ఎట్టిదో ఊహించుకొనుడు. రెండు వజ్రముల బాటకు 6 అంగుళములే చాలునని నియమము.

అడ్డంకుల విషయమును ఇట్లే. ఆకుపచ్చ బాటలో తప్పనిసరిగా దాటవలసిన రాయిగాని వేరుగాని రెండంగుళములకు మించరాదు. నీలములో ఎనిమిది అంగుళములు. నలుపులో పదునైదు. పదునైదంగుళములనగా మోకాలి సమీపమునకు వచ్చు రాతిమెట్టు.

వాలును నూటికి ఇంత యని చెప్పుదురు. నూరడుగుల దూరము ముందునకు పోవునప్పటికి ఐదడుగులు ఎక్కినను దిగినను అది నూటికి 5 వాలు. తెల్లని బాటయొక్క సగటు వాలు నూటికి 5కు లోపలనే యుండవలెను, ఎచ్చటను 10కి మించరాదు. ఆకుపచ్చ బాటలో సగటు 5 వరకు, ఎక్కువలో ఎక్కువ 15 వరకు ఒప్పుదురు. నీలమునకు సగటు 10, నలుపునకు సగటు 15. ఈ అంకెల బరువు కాళ్లకు ఎట్లు తెలియునో లెక్క వేయుదము. సైకిలును, ఎక్కినవాడును కలిసి 70 కిలోగ్రాములనుకొనుడు. నూటికి 5 వాలులో ఎక్కునప్పుడు క్రిందికి లాగు బలము సుమారు మూడున్నర కిలోగ్రాముల బరువు. నూటికి 15 వాలులో అది పదిన్నర. వాలు మూడింతలైన లాగు బలమును మూడింతలు.

ఇందుకే కొండసైకిలునకు పళ్లచక్రములు వేరు. మన సాధారణ సైకిలునకు ముందుచక్రమున 44 పళ్లు, వెనుక ఫ్రీవీలున 18 పళ్లు ఉన్నవనుకొన్నచో, పెడలు ఒక చుట్టు తిరిగిన టైరు ఇంచుమించు రెండున్నర చుట్లు తిరిగి, సైకిలు సుమారు 18 అడుగులు ముందుకు పోవును. కొండసైకిలున ముందు 32 పళ్లు, వెనుక 50 పళ్లుగల చక్రముమీద గొలుసును వేసినచో అదే యొక చుట్టునకు ఐదడుగులైన పోదు. దూరము తగ్గెను, కావున శ్రమయు ఆ పాళముననే తగ్గెను. చుట్లు మాత్రము హెచ్చుగా త్రొక్కవలెను. యంత్రమెంతటిదైనను ఉచితముగా ఏమియు నీయదు.

మోఆబ్‌లో ఆరంభకులు మొదట పోవునది పట్టణమునకు ఉత్తరముననున్న ‘బ్రాండ్స్’ అను బాటల సముదాయము. అవి పూర్వము పశువుల మేత భూములు. పశువులకు వేయు ముద్రల పేర్లనే బాటలకు పెట్టిరి. బార్ ఎమ్, సర్కిల్ ఓ, రాకిన్ ఏ, బార్ బి అను నాలుగింటిలోని అక్షరములను కూర్చిన మోఆబ్ అను పట్టణపు పేరే వచ్చును. వీనిలో బార్ ఎమ్ మిక్కిలి సుగమము, చిన్నపిల్లలతో కుటుంబములు పోవునది. రాకిన్ ఏ అట్లు కాదు, రాతిమీద నేర్పు కోరును. ఒకే గుంపులో సులభమును, కఠినమును ప్రక్కప్రక్కనే యుండుట వలన నేర్చుకొనువానికి మేలు. ఒక మెట్టు పైకి పోయి చూచి, తగదన్న వెంటనే క్రింది మెట్టునకు రావచ్చును.

మరియొక సులభమైన తావు డెడ్ హార్స్ పాయింట్ అను రాష్ట్రోద్యానమందున్నది. 2009లో తెరచిన అచటి బాటలు పీఠభూమి అంచువెంబడి పోవును. రెండువేల అడుగుల దిగువను కొలరాడో నది మలుపు తిరుగుచు కనబడును. ‘చచ్చిన గుఱ్ఱపు కొన’ యను ఆ పేరునకు ఒక కథ చెప్పుదురు. పశుపాలకులు అడవిగుఱ్ఱములను ఇరుకైన ఆ కొనలోనికి తోలి, కొమ్మలతో దారి మూసి, కొన్నింటిని విడిచిపోయిరట. అవి అంత లోతున నీరు కనబడుచుండగనే దప్పికచేత చచ్చెనట. కథ యెంతవరకు నిజమైనను, నీటికిని కంటికిని గల దూరము మాత్రము నిజమే.

స్లిక్‌రాక్ అను బాట మోఆబ్‌కు కీర్తి తెచ్చినది. 1969లో గుర్తింపబడినదని పైని చెప్పినది ఈ బాటయే. పదిన్నర మైళ్ల చుట్టు. ‘జారుడు రాయి’ యని ఆ పేరునకు అర్థము. మొదట వచ్చిన వలసజనుల గుఱ్ఱముల యినుప లాడములు ఆ రాతిమీద జారెడివి గనుక అట్లు పిలిచిరి. కాని రబ్బరు టైరునకు ఆ రాయి జారదు సరికదా, గరుకు కాగితమువలె పట్టుకొనును! పేరు గుఱ్ఱమునకు సత్యము, సైకిలునకు అసత్యము. ఆ పట్టు వలననే, మఱియొకచోట ఎక్కనలవికాని వాలులను అచట ఎక్కగలుగుచున్నారు. అదే పట్టు వలన, ఎక్కరాని వాలులలోనికి మనుష్యుని ఆశపెట్టుచున్నది కూడ. రాతిమీద దారి యేర్పడదు గనుక తెల్లని రంగుతో గీతలు వేసి, ప్రమాదస్థలములను పసుపుపచ్చతో సూచించిరి. గీత తప్పినవానికి నలుదిక్కుల ఒకే తీరు గుమ్మటములే కనబడును.

ఈ బాట ఆరంభమున రెండు మైళ్ల పైచిలుకు గల ‘అభ్యాసపు చుట్టు’ కలదు. అభ్యాసమన్న మాట చూచి అది సులభమని తలచువారు పెక్కురు. అది పొట్టిదే కాని సులభము కాదు, పెద్ద చుట్టుకు ఇంచుమించు సాటియే. నా అభిప్రాయమున ఆ పేరు మార్చుట మంచిది.

ఈ క్రీడకు వచ్చినవాడు శరీరమును ఎట్లు ఉంచుకొనవలెనో స్లిక్‌రాక్ చక్కగా నేర్పును. వస్తువుయొక్క గురుత్వకేంద్రమునుండి దింపిన నిలువుగీత దాని ఆధారములోపల పడినంతవరకే వస్తువు నిలుచునని మీరు పదార్థవిజ్ఞానమున చదివితిరి. సైకిలుకు ఆధారము రెండు చక్రములు నేలనానిన తావుల నడిమి దూరము. నిటారుగా దిగునప్పుడు ఆ గీత ముందుచక్రమువైపు జరుగును. కనుక దిగువాడు సీటుమీదినుండి లేచి, పెడళ్లను సమముగా నుంచి, నడుమును వెనుకకు త్రోయును. నిటారుగా ఎక్కునప్పుడు ఛాతీని హ్యాండిలుమీదికి వంచును, లేకున్న ముందుచక్రము గాలిలోనికి లేచును. బ్రేకులలో ముందుదానికే బలము మెండు, ఆగునప్పుడు భారము ముందునకే పోవును గదా. అందుచేతనే దానిని వ్రేలితో మెల్లగా నొక్కవలెను. ఒక్కసారిగా బిగించినచో సైకిలు నిలుచును, మనుష్యుడు నిలువడు.

ఇప్పుడు అన్నింటికంటె పెద్దదైన బాట. లా సాల్ పర్వతములలో బర్రో కనుమ అను చోటినుండి కొలరాడో నదివరకు, ఆరు బాటలను ఒకదానితో నొకటి కలిపి, ‘హోల్ ఎంచిలాడా’ యని పిలుచుచున్నారు. ఎంచిలాడా మెక్సికో దేశపు వంటకము, మన పూర్ణపు బొబ్బట్టువలె లోపల కూరి చుట్టునది. మొత్తము పళ్లెమంతయు అని ఆ పేరు భావము. కనుమ యెత్తు సుమారు 11,200 అడుగులు (3,400 మీటర్లు). నది యెత్తు సుమారు 4,000 అడుగులు. దూరము ఇంచుమించు 27 మైళ్లు. పైన జూలై సమీపించువరకు మంచు నిలిచియుండును. క్రిందనో, ఆ దినములలోనే వేడి 100 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటును. ఆస్పెన్ చెట్ల వనములనుండి బయలుదేరి, పొట్టి చెట్ల మెట్టలు దాటి, కట్టకడపట ఎడారిరాతిమీదికి, ఒకే దినమున మూడు శీతోష్ణమండలములను చూచినట్లగును.

దీని సగటు వాలు ఎంత? పలకయు, బలపమును తీసికొనుడు. దిగుడు 7,200 అడుగులు. 27 మైళ్లనగా 1,42,560 అడుగులు. భాగించి నూటితో హెచ్చవేసిన సుమారు 5 వచ్చును. నూటికి 5! ఇది ఆకుపచ్చ వృత్తపు బాటకు ఒప్పిన సగటు. సగటును మాత్రమే నమ్మి పలక నాటినచో, ఈ బాటను బాలురకు తగిన సులభమార్గమని చెప్పవలసియుండును. కాని దీనిమీద రాతిమెట్లు వరుసగా నున్నవి. పార్క్యుపైన్ రిమ్ అను కడపటి భాగమున బాట కొండ అంచునకు చేరువగా పోవును. కొన్నిచోట్ల ఆరితేరినవారును దిగి, సైకిలును భుజమున మోసి దాటుదురు. కనుకనే ఇది నల్లని వజ్రములకు చెందినది.

సగటు చేయు మోసమిదియే. పదిమైళ్లు చదునుగానున్న బాటలో పదిగజములు మాత్రము ప్రాణాంతకముగా నుండవచ్చును. సగటులో ఆ పదిగజములు మునిగిపోవును. సైకిలువాడు మాత్రము సగటుమీద నడువడు, ఆ గజములమీదనే నడువవలెను. నదియొక్క సగటు లోతు మోకాలిబంటి యని విని దాటబోయినవాని కథ మీరు వినియే యుందురు. అందుచేత పై సంఘమువారు సగటు వాలుతోపాటు మిక్కిలి హెచ్చు వాలును, తప్పించుకొనరాని అడ్డంకిని వేరువేరుగా కొలువుమనిరి. అంతేకాక, కొలతలన్నియు వ్రాసికొన్న పిమ్మట మంచి వివేకముతో నిర్ణయింపుడనియు, ఆ ప్రాంతమందలి ఇతర బాటలతో పోల్చి చూడుమనియు సూచించిరి. అంకెలను కొలిచినవారే అంకెలు చాలవని యొప్పుకొనుట నాకు నచ్చిన విషయము. పోల్చి చూడుట వలన ఒక చిక్కును కలదు. మోఆబ్‌లో మధ్యమమనబడునది మెత్తని అడవినేలమీద అలవాటుపడిన అతిథికి కఠినముగా తోచును.

తరగతి బాటకు గాని మనుష్యునికి కాదన్న మాట కూడ ఇచటనే చెప్పవలెను. మన బడిలో తరగతి యన్న ఒకటినుండి పదికి ఎక్కుట. కాని నల్లని బాటమీద పోయినవాడు నీలపు బాటమీది వానికంటె గొప్పవాడని ఆ పలక చెప్పదు. ఇచ్చట ఇంత వెడల్పున్నది, ఇంత మెట్టున్నది అని మాత్రము చెప్పును. దిగి నడచుట అచట అవమానము కాదు. స్నేహితుల యెదుట దిగుటకు సిగ్గుపడి త్రొక్కినవారే తరచుగా ఎముకలు విరుగగొట్టుకొనుచుందురు.

పలక చెప్పని సంగతి మరియొకటి కలదు. ఆ గుర్తులు నేర్పునే కొలుచును, శ్రమను కొలువవు. దూరమును, ఎక్కుడును వేరుగా పటములో చూచుకొనవలెను. ఈ భేదమునకు కాన్యన్‌లాండ్స్ జాతీయోద్యానమందలి వైట్ రిమ్ దారి తగిన నిదర్శనము. 1950 తరువాతి సంవత్సరములలో యురేనియము వెదకుటకై అణుశక్తి సంఘమువారు వేసిన కచ్చాదారి యది. జీపులు పోవునంత వెడల్పు, నేర్పు విషయమున మధ్యమమే. కాని పొడవు సుమారు నూరు మైళ్లు! సాధారణముగ మూడు నాలుగు దినములు పట్టును. ముందుగా అనుమతి పొందవలెను. దారి పొడవున త్రాగునీరు దొరకదు. మనిషికి దినమునకు నాలుగు లీటర్లు కావలెనని ఉద్యానమువారి లెక్క. నాలుగు దినములకు పదునారు లీటర్లు, అనగా పదునారు కిలోగ్రాములు. సైకిలుమీద అంత బరువు పెట్టుకొని కొండ యెక్కుట ఎట్టిదో మీరే యోచింపుడు. అందుచేతనే పలువురు నీటికిని, వంటసామగ్రికిని ఒక మోటారుబండిని వెంట తీసికొనిపోదురు. దూరమును కష్టమును ఒకటే యనుకొన్నవాడు స్లిక్‌రాక్ పదిన్నర మైళ్లే గదా యని దానికి పోయి దెబ్బలు తినును. నేర్పును కష్టమును ఒకటే యనుకొన్నవాడు వైట్ రిమ్ సులభమేగదా యని చాలినంత నీరు లేక బయలుదేరును. రెండవ తప్పు మొదటిదానికంటె భయంకరము. వసంతకాలమునందును, శరత్కాలమునందును మాత్రమే ఎక్కువమంది మోఆబ్‌కు వచ్చుట ఈ ఎండకు వెరచియే.

ఇంతవరకు బాట మనుష్యునికి చేయు కీడునుగూర్చి చెప్పితిమి. మనుష్యుడు బాటప్రక్కల చేయు కీడును ఒకటి కలదు. మోఆబ్ పరిసరములందు రాళ్లనడుమ నున్న ఇసుకనేలపై నల్లని, గరుకైన పొర యొకటి కనబడును. చూచువారికి మాడిన మన్నువలె తోచును. నిజమునకు అది ప్రాణముగలది. నీలిహరిత సూక్ష్మజీవులు, శిలాకములు, నాచులు కలిసి అల్లుకొన్న చాప యది. ఆ సూక్ష్మజీవులు వానలో ఇసుకరేణువులగుండ జిగటదారములను సాగించుచు పోవును. ఎండినపిమ్మట ఆ దారములే రేణువులను పట్టియుంచును. ఈ పొర యున్నచోట గాలికి ఇసుక లేవదు, వానకు కోత పడదు. ఇందలి కొన్ని జీవులు గాలిలోని నత్రజనిని గ్రహించి నేలకు ఇచ్చును. మన పెసర, ఉలవ మొక్కల వేళ్లలోని బుడిపెలు చేయు పని వంటిదే యిది. ఎడారిలో చెట్టు మొలచుటకు అదియే ఎరువు.

ఈ పొర ఎండినప్పుడు మిక్కిలి పెళుసు. ఒక టైరు దానిమీదుగా పోయిన ఆ గాడిలో దారములన్నియు తెగును. గాడి దిగువకు వాననీరు పారి, చుట్టుప్రక్కల పొరను కూడ కోయును. ఎదుటివానిని దాటుటకో, బురదను తప్పించుకొనుటకో బాట విడిచి రెండడుగులు ప్రక్కకు పోవుట మనకు సహజముగ తోచును. మోఆబ్‌లో మాత్రము దానిని చేయవద్దని ప్రతి బాట మొదటను వ్రాసియుందురు. ఆగవలసివచ్చిన రాతిమీదనో, వాననీరు పారిన ఇసుకలోనో ఆగుదురు. వెడల్పు చాలనిచోట ఒకడు దిగి నిలిచి ఎదుటివానికి దారి యిచ్చును. పన్నెండంగుళముల బాట పన్నెండంగుళములుగనే యుండుటకు ఇదియే యుపాయము. చెడిన పొరలో సూక్ష్మజీవులు మొదట మరల అల్లుకొనును. శిలాకములును, నాచులును తిరిగివచ్చుటకు అనేక దశాబ్దములు పట్టును.